గోడలేని నీళ్ళు

గోబ్నెట్ హారింగ్టన్ ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో మునిగిపోతున్న పడవ మీంచి తక్కువలో తక్కువ ఆరొందల సార్లు దూకి ఉంటుంది. అన్నీ శనివారాలే. అన్నీ మధ్యాహ్నం రెండు గంటలకే. నీళ్ళు ఎప్పుడూ ఇరవై ఏడు డిగ్రీలే. ఎందుకంటే ఆ పడవ నిజంగా పడవ కాదు, పక్క టౌన్లో ఉన్న స్విమ్మింగ్ పూల్ గట్టు.

మా పశ్చిమ కార్క్ తీరంలో సొంత తెరచాప పడవ ఉండి, సెలవు రోజుల్లో సరదాగా సముద్రం మీదికి పోయేవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. డెంటిస్టులు, బడి పంతుళ్ళు, రిటైరైన బ్యాంకు మేనేజర్లు. వాళ్ళలో ఒక్కసారైనా గోబ్నెట్ చేతిలో తడవని మనిషిని నేను చూడలేదు. పడవ మునిగితే ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో నేర్పడం ఆవిడ పని. పొద్దున క్లాసు, మధ్యాహ్నం పూల్. పన్నెండు మందిని వాన కోట్లు, వాన పంట్లాలు, లైఫ్ జాకెట్లతో సహా గట్టు మీద వరసగా నిలబెడుతుంది. మనిషి పొట్టి. గొంతు మాత్రం పూల్ అవతలి గోడకి తగిలి తిరిగొస్తుంది.

“ఒక చెయ్యి ముక్కు మీద, ఇంకో చెయ్యి జాకెట్టు మీద. కిందికి చూడకు, కిందికి చూస్తే తల ముందు పడుతుంది. ఎదురుగా చూడు. ఏముంది ఎదురుగా?”

“గడియారం ఉందండీ.”

“టైమెంతయింది?”

“రెండూ...” అనేలోపు విజిల్ ఊదేస్తుంది. బ్యాంకు మేనేజరు ధబేలున నీళ్ళలో ఉంటాడు.

తర్వాత లైట్లు తీసేస్తారు. పైపుతో మొహం మీద చల్లటి నీళ్ళు కొడతారు, అది వాన. ఇద్దరు కుర్రాళ్ళు చెక్కలతో నీళ్ళు చరుస్తుంటారు, అది తుఫాను. మధ్యలో గాలి నింపిన రబ్బరు తెప్ప బోర్లా పడి ఉంటుంది. ఒకళ్ళు దాని మీదికెక్కి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలి, దాన్ని తమ నెత్తి మీదికే తిప్పుకోవాలి. తెప్ప మీద పడినప్పుడు అందరూ కేకలు పెడతారు. “అరవకు! అరిస్తే నోట్లోకి నీళ్ళే పోతాయి, సాయం రాదు!” అని గట్టు మీంచి గోబ్నెట్ అరుస్తుంది.

తెప్పలోకి ఎక్కాక అందరూ చేయాల్సిన మొట్టమొదటి పని కడుపులో తిప్పకుండా మాత్ర వేసుకోవడం. క్లాసులో మాత్రల బదులు పిప్పరమెంట్లు పంచుతుంది. “మాత్రలు ముందు, ప్రార్థనలు తర్వాత. ఒకడు కక్కితే పన్నెండు మందీ కక్కుతారు, ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ పోతాయి.”

ఆవిడ అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఇంకోటుంది. సరదాకి పడవ నడిపేవాళ్ళు చేసే తప్పు ఒక్కటే అంటుంది. భయపడి పడవని తొందరగా వదిలేస్తారు. వారం తర్వాత పడవ తేలుతూ దొరుకుతుంది, మనుషులు దొరకరు. “పడవ నిన్ను వదిలేదాకా నువ్వు పడవని వదలొద్దు. తెప్పలోకి ఎప్పుడూ పైకెక్కాలి, పడవ అంతగా మునిగాకే. కిందికి దిగుతున్నావంటే తొందరపడ్డావన్నమాట.”

ఆ మాట విన్న ప్రతివాడూ లోపల అనుకునేది ఒకటే. ఈవిడ ఎన్ని తుఫాన్లు చూసిందో!

ఒక్కటీ చూడలేదు. గోబ్నెట్ హారింగ్టన్ అరవై నాలుగేళ్ళొచ్చేదాకా ఒక్క రోజు కూడా సముద్రం మీదికి వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు. “బయట ఉన్నప్పుడు గాలి తిరిగితే...” అని మొదలుపెట్టేది. బయట ఎవరు ఉన్నప్పుడో చెప్పేది కాదు.

ఇదంతా నాకు తెలిసింది పోయినేడాదే. కొంత ఆవిడ చెప్పింది, కొంత మోసీ లోనీ చెప్పాడు. మోసీ అంటే మా రాస్‌కీల్ రేవులో ఆఖరి చేపల వేటగాళ్ళలో ఒకడు. ఇప్పుడు చేపలు మానేసి, పాత తెరచాప పడవొకటి కొని టూరిస్టుల్ని తిప్పుతున్నాడు. ఇద్దరి మాటలూ అన్నిచోట్లా కలవవు. కలవని చోట నేను ఆవిడ మాటే రాస్తున్నాను, ఎందుకంటే మోసీ తన పడవ వేగం గురించి కూడా నిజం చెప్పడు.

ఇప్పుడు నెరిసిపోయిన ఆ జుట్టు చిన్నప్పుడు నిప్పులా ఎర్రగా ఉండేది. మా తీరంలో వేటకి పోయేవాడికి దారిలో ఎర్రజుట్టు ఆడది ఎదురొస్తే ఆ రోజు వేట లేనట్టే. అంతకన్నా పాడు శకునం లేదు. వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి టీ తాగి పడుకోవాలి. ఇల్లు గడవని రోజుల్లో అదేం చిన్న విషయం కాదు. అందుకని పడవలు కదిలేదాకా ఆ పిల్లని వాళ్ళమ్మ హనోరా వంటింటి తలుపు వెనక కూర్చోబెట్టేది. తలుపు సందులోంచి రోడ్డు మీద రబ్బరు బూట్లు తప్ప ఇంకేం కనిపించేవి కావు. ఏ అడుగుల చప్పుడు ఎవరిదో, ఎవడు నిన్న ఎక్కువ తాగాడో, గోబ్నెట్ అక్కడ కూర్చుని చెప్పేసేది. పడవలన్నీ మలుపు తిరిగాక గాని ఆ పిల్ల బడికి బయల్దేరేది కాదు.

పదకొండేళ్ళప్పుడు, ఒక అక్టోబరు పొద్దున, వాళ్ళ నాన్న కాన్ రొట్టె మూట టేబుల్ మీద మర్చిపోయి వెళ్ళాడు. అమ్మ పెరట్లో ఉంది. పిల్ల ఆ మూట పట్టుకుని రోడ్డు మీద పరిగెత్తింది. నెత్తి మీద గుడ్డ కూడా లేదు. వెనకొచ్చే ఇద్దరు చూసి ఆగిపోయారు. వాళ్ళ నాన్న మాత్రం నవ్వేశాడు. మూట తీసుకుని, ఆ జుట్టు చెదరగొట్టి, “దీనికే భయపడితే ఇంక రోజూ ఇంటికెలా వస్తానే పిచ్చిదానా?” అన్నాడు. ఆ ఇద్దరూ ఇళ్ళకి తిరిగిపోయారు. ఆయన పడవెక్కాడు.

సాయంత్రం తిరిగొస్తూ జెట్టీకి ముప్పై గజాల దూరంలో పడవ బోల్తా పడింది. జెట్టీ మీద పన్నెండు మంది మగాళ్ళు నిలబడి చూస్తున్నారు. తాళ్ళు విసిరారు, అందలేదు. దూకడానికి ఒక్కడికీ ఈత రాదు. సముద్రం మీద బతికేవాళ్ళు ఈత నేర్చుకోరు ఇక్కడ. ఈత వస్తే చావడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే కదా అనేవాళ్ళు.

ఆ తర్వాత ఎవరూ ఆ పిల్లని ఒక్క మాట కూడా అనలేదు. అదే కష్టమైంది అంటుంది గోబ్నెట్. తిడితే తిరిగి తిట్టేదాన్ని. ఎవరూ అనలేదు, కానీ ఎవరూ పడవ కూడా ఎక్కించలేదు. ఆగస్టులో రేవు పండగ రోజున కుర్రాళ్ళు అమ్మాయిలందర్నీ చిన్న పడవల్లో ఎక్కించుకుని అఖాతమంతా తిప్పేవాళ్ళు. గోబ్నెట్ జెట్టీ మీద వాళ్ళ చెప్పులకి కాపలా. తర్వాత పెళ్ళి చేసుకుంటానని ఇద్దరు అడిగారు. ఇద్దరూ జాలర్లే, ఇద్దరూ మంచివాళ్ళే. షికారుకి ఎందులో తీసుకెళ్తావంటే ఇద్దరూ బస్సులో అన్నారు. ఇద్దరికీ వద్దని చెప్పేసింది.

పంతొమ్మిదేళ్ళకి కార్క్ సిటీకి వెళ్ళి బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరింది. మొదటి జీతంతో మున్సిపల్ పూల్లో ఈత క్లాసుకి డబ్బు కట్టింది. అందులో ఆవిడ తప్ప అందరూ ఆరేళ్ళ పిల్లలు. “నువ్వు ఎవరి అమ్మవి?” అని అడిగేవాళ్ళట. రెండు నెలలకి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పాతిక మీటర్లు, ఆగకుండా ఈదింది. చేరాక గోడ పట్టుకుని ఏడుస్తుంటే టీచరు క్లోరిన్ కళ్ళలో పడిందనుకుని నీళ్ళ సీసా ఇచ్చింది. ముప్పై గజాలంటే అంతే. ఒక లెంగ్తు, ఇంకో రెండు బారలు.

అక్కడే పూల్లో ఉద్యోగం, తర్వాత ఈత టీచరు. మా పక్క టౌన్లో పూల్ కట్టినప్పుడు తిరిగొచ్చేసింది. పడవల వాళ్ళకి సముద్రంలో ప్రాణాలు కాపాడుకునే శిక్షణ మొదలుపెట్టినప్పుడు, పూల్లో ఆవిడే ఉంది కాబట్టి ఆవిడనే నేర్పమన్నారు. పుస్తకాలన్నీ చదివింది. మ్యాపులు, లైట్‌హౌసులు, ప్రవాహాలు, అన్నీ కంఠస్థం. రోజూ పొద్దున ఆరింటికి రేడియోలో సముద్రం మీద గాలి వార్తలు వస్తాయి. మిజెన్ హెడ్ నుంచి వలెన్షియా దాకా ఏ దిక్కు గాలి, ఎంత జోరు, అలలు ఎంతెత్తు. పదిహేనేళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా వింటోంది. మీ అమ్మమ్మ సుప్రభాతం ఎలా వింటుందో అలా. వినేసి, కోటేసుకుని, బస్సెక్కి పూల్‌కి పోతుంది.

పిలిచినవాళ్ళు లేకపోలేదు. శిష్యులందరికీ పడవలున్నాయి. “ఒకసారి రండి మేడం, ద్వీపం దాకా పోయొద్దాం,” అనేవాళ్ళు. ఆ రోజు పూల్లో డ్యూటీ ఉందనేది. మోకాలు నొప్పనేది. ఈ సంగతులన్నీ తెలిశాక ఒకరోజు ఆవిడింట్లో టీ తాగుతూ నేనే అడిగేశాను, ఎర్రజుట్టు శకునాలూ అవీ నిజంగా నమ్ముతున్నారా అని.

“నమ్మను,” అంది. బ్రౌన్ బ్రెడ్ మీద వెన్న రాస్తోంది, అంచుల దాకా నీటుగా. “నమ్మను గాని, ఆ పడవ వాళ్ళది కదా, ఏమన్నా అయితే?”

పోయినేడాది ఫిబ్రవరిలో శిక్షణ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త నిబంధన. నేర్పేవాళ్ళందరూ కనీసం ఐదు రోజులు సముద్రం మీద గడిపినట్టు లాగ్‌బుక్కులో చూపించాలి. రోజంటే తీరం వదిలి ఆరు గంటలు. ప్రతి రోజుకీ పడవ కెప్టెన్ సంతకం ఉండాలి. మే నెలాఖరుకి పంపాలి. పంపకపోతే సెప్టెంబరు నుంచి క్లాసు ఇంకొకళ్ళు తీసుకుంటారు, ఆవిడ పక్కన సాయం మాత్రం చేయొచ్చు.

ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగింది. ఆ క్లాసు పోతే ఆవిడకి ఇంకేం ఉంది? పోనీ ఎవరినైనా అడగాలంటే, అడిగిన మరుక్షణం ఊరంతా తెలుస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మనకి సముద్రం గురించి చెప్పిన మనిషి సముద్రం మీదికే వెళ్ళలేదట అని. చివరికి మోసీ దగ్గరికి వెళ్ళింది. ఎందుకంటే మోసీని ఒకప్పుడు ఆవిడ ఇంకా అధ్వాన్న స్థితిలో చూసింది.

టూరిస్టుల్ని తిప్పే లైసెన్సు కోసం మోసీ కూడా ఆ క్లాసుకి రావాల్సొచ్చింది. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడు, పూల్లో మెడలోతు నీళ్ళలో రెండు చేతులతో గోడ కరుచుకుని ఉండిపోయాడు. ఈత రాదు కదా.

“గోడ వదులు మోసీ. జాకెట్టు నిన్ను తేలుస్తుంది.”

“నువ్వు వదులు పిల్లా ముందు.”

“నేను పట్టుకోనే లేదు.”

“అదే నా భయం!”

ఆవిడ అతని చంకల కింద చేతులేసి లాక్కెళ్ళి తెప్పలో పడేసింది. డెంటిస్టులందరూ చప్పట్లు కొట్టారు. ఈ మాట బయట చెప్తే చంపేస్తానన్నాడు మోసీ. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అతనే తాగినప్పుడల్లా చెప్పుకున్నాడు.

మార్చిలో ఒక ఆదివారం మోసీ పడవ అడుగు గీకుతుంటే వెళ్ళి ఆ కాగితం చేతికిచ్చింది. చదివాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చదివాడు.

“ఐదు రోజులేగా? నీ లాగ్‌బుక్కేది?”

“లేదు.”

“పోయిందా?”

“ఎప్పుడూ లేదు మోసీ. నేను ఎప్పుడూ ఎక్కలేదు.”

మోసీ నవ్వలేదు. అది విచిత్రమే, ఎందుకంటే అతను శవం దగ్గర కూడా నవ్విస్తాడు. కాసేపు పడవ అడుగే గీకాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

“కాగితం ఇలా తే. పోయినేడాది జూన్‌లో ఐదు రోజులు వచ్చావని రాసేస్తాను. గాలి ఎంతో, ఎటు పోయామో అన్నీ రాస్తాను. ఎవడు చూడొచ్చాడు? సగం మంది లాగ్‌బుక్కులు ఇలా పబ్బులో కూర్చుని రాసినవే.”

నిజమే. చాలామంది అలాగే చేస్తారు. గోబ్నెట్ ఆ పెన్ను వంక చూసింది. ఒక్క నిమిషంలో అయిపోయేది. క్లాసూ ఉండేది, పరువూ ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు.

“నాకు సంతకం వద్దు. రోజులు కావాలి.”

“చలికి చస్తావ్.”

“చస్తే చస్తాను.”

“అసలే నా పడవలో నువ్వు చస్తే వ్యాపారం పోతుంది,” అని పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. “శనివారం ఏడింటికి రా. సాండ్‌విచ్‌లు నువ్వే తేవాలి. గుడ్డు వద్దు. పడవలో కంపు కొడుతుంది.”

ఏప్రిల్ మొదటి శనివారం ఏడింటికి రమ్మంటే ఐదున్నరకే రేవుకి చేరింది. రోడ్డు మీంచి రాలేదు. ఐసు ఫ్యాక్టరీ వెనక నుంచి, చెత్త డబ్బాల మధ్య సందొకటి ఉంది, అందులోంచి వచ్చింది. వేటకి పోయేవాడు ఎవడూ ఎదురుపడకుండా. యాభై మూడేళ్ళ అలవాటు, కాళ్ళే అటు తీసుకెళ్ళాయి అంటుంది. మోసీ వచ్చేసరికి జెట్టీ చివర, వలల గుట్ట చాటున నిలబడి ఉంది. నెత్తికి గుడ్డ కట్టుకుంది.

“ఎటు నుంచి వచ్చావ్?” అన్నాడు మోసీ.

చెప్పలేదు. బూట్లకి అంటిన బురద చూశాడు. అతనికి అర్థమైంది.

“పైకి వెళ్ళు.”

“ఏంటి?”

“మీ ఇంటి దాకా వెళ్ళి మళ్ళీ రా. రోడ్డు మీంచి రా. మధ్యలోంచి నడిచి రా. ఆ గుడ్డ తీసేయ్.”

“పిచ్చా నీకు? పోటు వేళ దాటిపోతుంది.”

“పోనీ. వెళ్ళు పిల్లా.”

వెళ్ళింది. ఇంటి గేటు ముట్టుకుని తిరిగి కిందికి బయల్దేరింది. మలుపు దగ్గర మోసీ ఎదురొచ్చాడు. వేటకి పోయేవాడిలా, భుజాన తాళ్ళు, కాళ్ళకి రబ్బరు బూట్లు. జెట్టీ దగ్గర్నుంచి చుట్టూ తిరిగి, కావాలని ఆవిడకి ఎదురుగా నడిచొచ్చాడు, అరవై ఏడేళ్ళ మనిషి, ఆయాసపడుతూ. దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

“గుడ్ మార్నింగ్ గోబ్నెట్ హారింగ్టన్. మంచి రోజు.”

“గుడ్ మార్నింగ్ మోసీ.”

అతను ప్రయాణం మానలేదు. ఇంటికి పోలేదు. ఆవిడ పక్కనే మళ్ళీ రేవుకి నడిచి, పడవెక్కి, ఆవిడకి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఆవిడ చాలాసేపు తీసుకుందని మోసీ అంటాడు. వెంటనే పట్టుకున్నానని ఆవిడ అంటుంది.

జెట్టీ నుంచి ముప్పై గజాల దగ్గర, అడగకుండానే, మోసీ ఇంజను నెమ్మది చేశాడు. నీళ్ళు ఆకుపచ్చగా, మామూలుగా ఉన్నాయి. తర్వాత వేగం పెంచాడు.

అఖాతం దాటి కొండ చాటు పోగానే అసలు అలలు మొదలయ్యాయి. పూల్లో ఆరొందల సార్లు తుఫాను చేసిన మనిషి అలవాటుగా జేబులోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకుంది. మాత్ర ఇంటి దగ్గరే ఉండిపోయింది. అరగంటకి పడవ అంచు మీద వాలి పొద్దున తిన్నదంతా సముద్రానికి ఇచ్చేసింది.

“మాత్రలు ముందు, ప్రార్థనలు తర్వాత,” అన్నాడు మోసీ, ఆవిడ గొంతు అనుకరిస్తూ.

“నోర్మూసుకుని పడవ నడుపు.”

కక్కడం అయ్యాక లేచి చూసింది. ముందు సముద్రం, పక్కన సముద్రం. వెనక్కి తిరిగితే ఊరు ఒక తెల్ల గీత. చెయ్యి దానంతటదే దేన్నో వెతుకుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పూల్లో చెయ్యి చాపితే గోడ తగిలేది.

“ఎక్కడా గోడ లేదు మోసీ.”

“ఉంది. అమెరికాలో.”

నవ్వింది, మళ్ళీ కక్కింది, మళ్ళీ నవ్వింది. సాయంత్రం దిగాక కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ రాత్రి పడుకుంటే మంచం కదులుతూనే ఉందట. ఆ కదలిక పోకుండా ఉంటే బాగుండని మెలకువగా ఉండిపోయిందట. పొద్దునకి పోయింది. ఆ తర్వాత వారం రోజులు దాని కోసం ఎదురుచూసింది, బస్సులో, పూల్లో, పడకలో. ఎక్కడా రాలేదు.

రెండో రోజు నడిసముద్రంలో, గాలి పడిపోయి తెరచాప వేలాడుతుంటే, మోసీ ఉన్నట్టుండి అన్నాడు.

“ఆ రోజు నేనూ ఉన్నాను జెట్టీ మీద. పద్నాలుగేళ్ళు నాకు.”

“తెలుసు.”

“మీ నాన్న పడవలో ఎంత చేప ఉందో తెలుసా? పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు లేదు. అంత చేప ఆ ఏడాదిలో ఎవరికీ పడలేదు. కొంచెం పారేసి రమ్మని మేమందరం అరిచాం. పారేయలేదు. జెట్టీ వైపు తిప్పుతుంటే అల తగిలింది. అంతే.”

గోబ్నెట్ అతని వంక చూసింది.

“పన్నెండు మందికీ తెలుసు పిల్లా. మా ఎవరికీ ఈత రాదని ఒప్పుకోవడం కన్నా, నీ జుట్టు మీదికి తోసేయడం తేలికైంది.”

“ఇప్పుడా చెప్పేది?”

“నువ్వు ఇప్పుడేగా పడవెక్కింది.”

ఆవిడ సాండ్‌విచ్ డబ్బా తెరిచి, అతనికి రావాల్సిన రెండూ తనే తినేసింది. మోసీ అడగలేదు. ఆ రోజు గాలి రాక, ఇంజను మొండికేసి, తొమ్మిది గంటలు పట్టింది తిరిగి రావడానికి. లైట్‌హౌసులు ఒక్కొక్కటే వెలుగుతుంటే, ఏది ఎన్ని సెకన్లకి వెలుగుతుందో ఆవిడ పేర్లతో సహా చెప్పుకుంటూ వచ్చింది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయట. కానీ మొదటిసారి వాటిని వెనక నుంచి కాకుండా ముందు నుంచి చూసింది.

మూడో రోజు మే మొదట్లో. గాలి బాగా ఉంది. ఒక గంట సేపు చుక్కాని ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆ గంట గురించి అడిగితే మాత్రం గోబ్నెట్ ఏమీ చెప్పదు. కెటిల్ పెట్టడానికి వెళ్ళిపోతుంది.

తర్వాత వాతావరణం పాడైంది. నైరుతి గాలి పట్టుకుంది, వదల్లేదు. రోజూ పొద్దున ఆరింటికి రేడియో, ఆరున్నరకి జెట్టీ. మోసీ పడవలోంచి తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ కాసేపు నిలబడి బస్సుకి పోయేది. మే ఇరవై తొమ్మిదిన మోసీయే మళ్ళీ పెన్ను తీశాడు.

“మూడు నిజంగా చేశావ్. రెండు నేను గీస్తాను. ఇప్పుడు అబద్ధం కూడా కాదు, సగానికి పైగా నిజమే.”

“మూడే పంపుతాను.”

“క్లాసు పోతుంది గోబ్నెట్.”

“ఆ రెండూ నువ్వు రాసేస్తే ఇంక నాకు రావుగా మోసీ.”

మోసీ మూడు రోజులకీ సంతకం పెట్టి ఇచ్చాడు. ఆవిడ కవరు అంటించి పోస్టు చేసింది.

జవాబు మర్యాదగానే వచ్చింది. సెప్టెంబరు క్లాసుకి సిటీ నుంచి కిల్లియన్ అనే అబ్బాయి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అట్లాంటిక్ రెండుసార్లు దాటాడు. ఈ లోపు వేసవంతా మోసీకి టూరిస్టులతో తీరిక లేదు, తీరిక ఉన్న రోజు గాలి లేదు. నాలుగో రోజు ఇంకా పడలేదు. గోబ్నెట్ పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసింది, జాకెట్లు లెక్కపెట్టింది, పైపు చుట్టి పెట్టింది. తర్వాత చివరి వరసలో కూర్చుంది. సర్టిఫికెట్ ఐదేళ్ళే చెల్లుతుంది కాబట్టి సగం మంది పాతవాళ్ళే. మోసీ కూడా చేతులు కట్టుకుని మూల కూర్చున్నాడు.

కిల్లియన్ మంచివాడు. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కళ్ళనీ తమ గురించి చెప్పుకోమన్నాడు. పేరు, పడవ, ఎన్నాళ్ళుగా సముద్రం మీద ఉన్నారు. డెంటిస్టు ఇరవై ఏళ్ళన్నాడు. బడి పంతులు పన్నెండన్నాడు. ఈ వేసవిలోనే పడవ కొన్న ఓర్లా అనే అమ్మాయి రెండు వారాలంది, అందరూ నవ్వారు. వరస చివరికి వచ్చింది. కిల్లియన్ ఆవిడని దాటేసి పోబోయాడు.

“గోబ్నెట్ గురించి మీకందరికీ తెలుసు కదా...”

“తెలీదు,” అంది గోబ్నెట్. లేచి నిలబడింది. “గోబ్నెట్ హారింగ్టన్. పడవ లేదు. మూడు రోజులు.”

డెంటిస్టు వెనక్కి తిరిగి చూశాడు, జోకేమో అన్నట్టు. ఆవిడ మొహంలో జోకేం కనబడలేదు. ఆవిడ మెడ ఎర్రబడింది, కానీ కూర్చోలేదు.

“మూడున్నర,” అన్నాడు మోసీ మూల నుంచి. “రెండో రోజు ఆలస్యంగా వచ్చాం.”

ఎవరో నవ్వారు, తర్వాత ఇంకెవరో. బడి పంతులు మాత్రం నవ్వలేదు, తల వంచుకుని తన కాగితం వంక చూస్తున్నాడు, ఎన్నో ఏళ్ళుగా ఎంతోసార్లు ఆవిడని తన పడవ మీదికి పిలిచినవాడు. ఓర్లా ఒక్కతే, ఏ సంగతీ తెలీదు కాబట్టి, కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి అడిగింది.

“ఎలా ఉంది మీకు, సముద్రం మీద?”

అక్కడున్న వాళ్ళలో సగం మందికి సముద్రం అంటే ఏంటో చెప్పిన మనిషి కిటికీ వైపు తిరిగింది. అందులోంచి ఆ టౌన్ రేవు కనిపిస్తోంది. హార్బరు ఆఫీసు మీద జెండా పూర్తిగా చాచుకుని కొట్టుకుంటోంది, నైరుతి నుంచే. ఆవిడ దాన్నే చూసింది.

“ఇంకా తెలీదమ్మా,” అంది. “చాలలేదు.”